మైనా వీపు మీద నా చెయ్యి

నవంబరు 9

ఫుట్‌బాల్ సీజన్ అయిపోయింది. కలకత్తా మైదానంలో మా క్లబ్బు టెంటు బోసిపోయింది. మాలీషు పట్టడానికి ఆటగాళ్ళ పిక్కలూ తొడలూ లేవు. చేతులు ఊరికే ఉండలేవు నాకు. వేడి టీ గ్లాసుని కూడా నలుపుతూ కూర్చుంటున్నాను.

పొద్దున్నే బావమరిది అప్పన్న వచ్చాడు. స్వారీ నేర్పే బడిలో సాయిసు వాడు. గుర్రాలకి మేత, తోమడం, జీను కట్టడం అన్నీ వాడి పనే. "బావా, మా మైనాకి నడుం బాగోనేదు. జీనెడితే కరవడానికొస్తంది. డాక్టరమ్మ సెలవెట్టి ఎల్లిపోనాది. నువ్వోపాలి సెయ్యెయ్యి" అన్నాడు.

పైడమ్మ కార్పొరేషన్ చీపురు భుజాన వేసుకుని డ్యూటీకి బయల్దేరుతూ తమ్ముడితో అంటోంది — "మడుసులైపోనారు, గుర్రాలకాడికొచ్చినాడు మీ బావ."

వెళ్తాను. ఎవరిదైతేనేం, నడుం నడుమే.

నవంబరు 10

మంచు. ట్రాము గంట వినబడుతోంది, ట్రాము కనబడదు. లాయంలో మైనా — ఎర్ర గుర్రం, నుదుట చిన్న తెల్ల మచ్చ. పెద్ద కళ్ళు. నన్ను వాసన చూసి మొహం తిప్పేసుకుంది.

అప్పన్న ముందు నుంచుని కళ్ళెం పట్టుకున్నాడు. నేను వెన్నుకి రెండు పక్కలా నొక్కుకుంటూ వెళ్ళాను. ఎడమ పక్క, మూపు దాటగానే, జీను ముందుభాగం కూర్చునే చోట — బొటనవేలు పడిందో లేదో నడుం కిందికి జారిపోయింది. చెవులు వెనక్కి. మెడ మొదట్లో నొక్కితే పళ్ళు కొరికింది. మిగతా వీపంతా శుభ్రంగా ఉంది. నా వేలికి దొరకని నొప్పి ఈ కలకత్తాలో లేదు.

స్వారీ బడి సెక్రటరీ బాబు మఫ్లరు సర్దుకుంటూ, "నారాయణ్‌దా చేతిలో పడ్డాక ఇంకేం భయం" అన్నాడు. ఇంటికి నడిచే వచ్చాను, బస్సు ఎక్కబుద్ధి కాలేదు.

నవంబరు 12

అందరూ వైద్యులే. సెక్రటరీ బాబు హోమియోపతి తెల్ల గుళికలు కొత్త బెల్లంలో పెట్టి తినిపిస్తున్నాడు. బెల్లం కోసం పక్క గుర్రాలు కూడా గోడ మీంచి మెడలు చాస్తున్నాయి. నాది ఆవనూనె, అందులో కాచిన వెల్లుల్లి, తర్వాత వేయించిన ఉప్పు మూట. నూనె వాసనకి మైనా తుమ్మింది. ఆటగాళ్ళూ తుమ్ముతారు.

నవంబరు 15

టెంటులో నాకొక పద్ధతుంది. నొక్కితే ఉలిక్కిపడ్డవాడు బల్ల మీదే ఉండాలి. ఉలిక్కిపడనివాడు ఆటకి పనికొస్తాడు. రోజుల తరబడి తోమాక కూడా ఉలిక్కిపడేవాడు నాటకం ఆడుతున్నట్టు. వాడి మెడ మీద ఒకటి తగిలిస్తే నాటకం కట్టిపెడతాడు. కోచ్‌లు మారారు, నా పద్ధతి మారలేదు.

మైనా ఇవాళ కూడా అక్కడే వంగింది. ఇంత నూనె తాగాక ఇంకా ఏమిటి దీనికి? "ఏయ్" అని గద్దించి మెడ మీద అరచేత్తో ఒకటి వేశాను. మళ్ళీ నొక్కాను. వంగింది. మళ్ళీ వేశాను.

"కొట్టకు బావా. దానికి నోరు నేదు."

"కొట్టడం కాదురా, బుద్ధి చెప్పడం" అన్నాను. అప్పన్న కళ్ళెం రెండో చేతికి మార్చుకున్నాడు.

నవంబరు 16

పైడమ్మకి మెడ పట్టేసిందట. "కూసింత నూని రాయవా" అని స్టూలు మీద కూర్చుంది. రాశాను. నొక్కి చూశాను. కిక్కురుమనలేదు. "ఏమీ లేదు, దిండు మార్చు" అని చేతులు తుడుచుకుని లేచాను.

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే దిండు. దాని మీద పడుకునేది నేను.

నవంబరు 20

మైనా ఇవాళ వంగలేదు! ఎంత నొక్కినా కదలదు. వీపు చెక్కలా బిగిసి ఉంది. బలం వచ్చిందన్నమాట.

నవంబరు 23

సెక్రటరీ బాబు ముందు చూపించాను. మూపు దగ్గర నా బొటనవేలితో బరువంతా వేసి నొక్కాను. చెవి కూడా ఆడించలేదు. "ఫిట్" అన్నాను. టెంటులో అనేలాగే, ఒక్క మాట. బాబు నా వీపు తట్టాడు. స్వారీకొచ్చిన ఎవరో తల్లి, "మా వారికి కూడా నడుం నొప్పి, ఒకసారి వస్తారా" అని అడిగింది.

గాల్లో తేలిపోతూ వచ్చాను. భవానీపూర్ సందు మొదట్లో జిలేబీలు కట్టించుకున్నాను. పైడమ్మ ఒకటి తిని, "గుర్రానికిచ్చినావా?" అంది.

నవంబరు 24

బంద్. బస్సుల్లేవు, ట్రాముల్లేవు. సందులో పిల్లలు నడిరోడ్డు మీద క్రికెట్. అప్పన్న లాయం నుంచి నడిచి వచ్చాడు, మైనా మేత వదిలేస్తోందని చెప్పడానికి. "దానికీ బంద్ అని తెలిసిందేమో" అన్నాను. వాడు నవ్వలేదు.

నవంబరు 27

పడేసింది.

రింకు అని బడికెళ్ళే పిల్ల. జీను బిగించి పిల్లని ఎక్కించారు. మైనా కొంతదూరం బాగానే నడిచింది. పరుగు అందుకోమనగానే వీపు విల్లులా లేపింది. పిల్ల కింద. భుజం దగ్గర ఎముక విరిగిందట. ఆ పిల్ల ఏడవడం లేదు, చెయ్యి పట్టుకుని గడ్డిలో కూర్చుని "మైనాది తప్పు కాదు, మైనాది తప్పు కాదు" అంటోంది. వాళ్ళమ్మ ఏడుస్తోంది.

నేను కంచె బయటే ఉన్నాను. నా జబ్బ మీద తువ్వాలు. లోపలికి ఎవరూ పిలవలేదు, నేనూ వెళ్ళలేదు.

నవంబరు 28

వెళ్ళలేదు. కడుపులో బాగాలేదని చెప్పి పంపించాను. కడుపు బాగానే ఉంది.

నవంబరు 30

సెక్రటరీ బాబు పిలిపించాడు. "నడుం బాగుందని నువ్వే చెప్పావు కదా. నొప్పి లేకుండా మనిషిని పడేసిందంటే అది పొగరే. పొగరు గుర్రాన్ని పిల్లల దగ్గర ఉంచలేం. బడ్జ్ బడ్జ్ వైపు ఇటుకల బండివాడు అడుగుతున్నాడు. వచ్చే ఆదివారం కమిటీలో తేల్చేస్తాం."

ఇటుకల బండి. ఆ మూపు మీద కాడి.

నోటిదాకా వచ్చింది — బాబూ, నేను సరిగ్గా చూడలేదేమో అని. ఆ 'ఏమో' దగ్గరే ఆగిపోయింది. "మీ ఇష్టం బాబూ" అన్నాను. ఇంతకాలం చేతుల పేరు చెప్పి బతికినవాణ్ణి, ఈ చేతులు పొరబడ్డాయని ఏ మొహంతో చెప్పను?

డిసెంబరు 2

డాక్టర్ దీదీ సెలవు నుంచి వచ్చింది. సన్నటి మనిషి, మగవాళ్ళ బూట్లు. నేను మూట విప్పబోతుంటే, "ఆగండి దాదా, ఎవరూ తాకొద్దు" అంది.

తాకకుండా చూస్తుందట! చాలాసేపు మైనా వెనకాల నుంచుంది. పక్కన నుంచుంది. అప్పన్నని కళ్ళెం పట్టుకుని నడిపించమంది, చుట్టూ తిప్పమంది. కుడికి తిరిగేటప్పుడు సరిగ్గా తిరిగింది, ఎడమకి తిరిగేటప్పుడు తోక బిగబట్టింది. ఇంతకాలం ఆ తోక నా మొహం ముందే ఉంది, నేను చూడలేదు.

తర్వాత క్యారెట్టు తీసింది. మైనా కుడి డొక్క దగ్గర పెట్టింది. మైనా కాళ్ళు కదపకుండా మెడ వంచి అందుకుంది. ఎడమ డొక్క దగ్గర పెట్టింది. మైనా చూసింది. మెడ వంచలేదు. కాళ్ళు జరుపుకుంటూ ఒళ్ళు ఒళ్ళంతా తిరిగింది. మళ్ళీ పెట్టింది, మళ్ళీ మొత్తం తిరిగింది. "చూశారా, మెడ తిప్పాల్సిన చోట ఒళ్ళంతా తిప్పుతోంది" అంది దీదీ.

అప్పుడు వీపు మీద చెయ్యి వేసింది. వెంటనే తీసేసింది.

"ఇది నయమైన వీపు కాదు. బిగబట్టుకున్న వీపు. కదిలితే దెబ్బ పడుతుందని దీనికి ఎవరో నేర్పారు. ఎవరు కొట్టారు?"

పక్క గుర్రం గడ్డి నములుతోంది. నేను తువ్వాలు మడత పెడుతున్నాను. మడిచిందే మళ్ళీ మడుస్తున్నాను.

"నానే దీదీ" అన్నాడు అప్పన్న. బెంగాలీలో అన్నాడు, గొంతు తెలుగుదే. నా వైపు చూడలేదు.

నేను... తువ్వాలు మడిచాను.

డిసెంబరు 3

దారిలో అడిగాను, ఎందుకురా అని.

"నీకు కలబ్బుల్లో పేరుంది బావా. నాకేటుంది, పేడెత్తీవోణ్ణి. ఒగ్గీ."

ఒగ్గేశాను. అంత తేలిగ్గా వదిలేశాను.

డిసెంబరు 4

ఈ ఇంట్లో తెలుగు చదివేది నేనొక్కడినే. పైడమ్మకి రాదు. అందుకే రాయగలుగుతున్నాను. వస్తే రాసేవాణ్ణి కాదు, చింపేవాణ్ణి. ఎంత పిరికివాణ్ణో నాకే తెలుస్తోంది.

డిసెంబరు 5

దీదీ నన్నూ అప్పన్ననీ కూర్చోబెట్టి అడిగింది. "ఇప్పుడు వీపంతా రాయిలా ఉంది. ఎక్కడ నొక్కినా ఒకటే. అసలు నొప్పి ఎక్కడ మొదలైందో తెలిస్తే కారణం పట్టుకోవచ్చు. మొట్టమొదటిసారి ఎక్కడ ఉలిక్కిపడింది?"

అప్పన్న తల గోక్కున్నాడు. వాడికి తెలీదు. ఆ రోజు వాడు ముందు కళ్ళెం పట్టుకుని ఉన్నాడు. తెలిసింది నా బొటనవేలికి ఒక్కదానికే.

సెక్రటరీ బాబు గుమ్మంలోంచి — "కారణం దొరక్కపోతే ఆదివారం నేనేం చెప్పను కమిటీకి? బండివాడు మనిషిని పంపాడు."

నా బొటనవేలు చొక్కా గుడ్డని నలుపుతోంది. చెప్పాలి. చెబితే, అంత బాగా తెలిసినవాడివి ఫిట్ అని ఎలా అన్నావు అంటారు. ఉలిక్కిపడటం ఎలా మాన్పించావు అంటారు.

"ఆలోచించి చెప్తాం దీదీ" అన్నాను. ఆలోచించడానికి ఏముంది అందులో!

డిసెంబరు 6

ఇవాళ చేసిన పని రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను.

పొద్దున్నే వెళ్ళాను. అప్పన్న నీళ్ళకి వెళ్ళాడు, దీదీ ఒక్కతే ఉంది. దారి పొడుగునా మాటలు కూడబలుక్కుంటూ వెళ్ళాను — దీదీ, కొట్టింది నేను, మొదట ఉలిక్కిపడింది ఇక్కడ. రెండు ముక్కలు. గుమ్మం దాకా రెండూ ఉన్నాయి. నోరు తెరిచేసరికి ఇలా వచ్చింది: "దీదీ, అప్పన్నకి గుర్తొచ్చిందట. ఎడమ పక్క, మూపు దాటగానే. మెడ మొదట్లో కూడా. భయపడుతున్నాడు, నన్ను చెప్పమన్నాడు."

ఎంత బాగా అల్లానో. భయపడింది కూడా వాడేనట.

దీదీ వెంటనే మైనా జీను తెప్పించి బల్ల మీద బోర్లా వేసింది. వేళ్ళతో తడిమింది. నన్నూ తడమమంది. అడుగున ఎడమ వైపు దిండులో, సరిగ్గా ఆ చోట, లోపలి ఉన్ని ఉండ కట్టి గట్టిపడిపోయి ఉంది. గుప్పెడు రాయి పెట్టి కుట్టేసినట్టుంది. ఆ జీను వేసి పరిగెత్తించి తీసి చూస్తే, వీపంతా చెమట, ఆ ఒక్క చోటే పొడిగా ఉండేదట. మైనా మూపు వెనక వెంట్రుకలు పాయ తీసి చూపించింది. ఎర్రటి ఒంటి మీద అక్కడ మాత్రం కాసిన్ని తెల్ల వెంట్రుకలు. ఒత్తిడి పడ్డ చోట అలా తెల్లబడతాయట.

వాటి మీదే నేను రోజూ నూనె రాశాను.

దీదీ సెక్రటరీ బాబుని పిలిచి చెప్పింది — పొగరు కాదు, నొప్పి. జీను పారెయ్యాలి, గుర్రానికి విశ్రాంతి ఇవ్వాలి. బండివాడికి కబురు పెట్టేశారు, రావద్దని. మైనా ఉంటుంది. ఇక్కడే ఉంటుంది.

అంతా అయ్యాక అప్పన్న నీళ్ళ బిందెతో వచ్చాడు. దీదీ వాడితో అంది, "నీ గుర్తు ఈ గుర్రాన్ని కాపాడింది. కానీ నీ చెయ్యి దీని మీద ఇంక పడకూడదు. నువ్వు వెనక షెడ్డులో పని చూసుకో."

అప్పన్నకి ముందు అర్థం కాలేదు. నా వైపు చూశాడు. అర్థమైంది. బిందె దించి తలూపాడు.

మైనాని పుట్టిన దగ్గర్నుంచి సాకింది వాడు.

డిసెంబరు 7

అన్నం తినలేకపోయాను. పైడమ్మ అడగలేదు, కంచం తీసేసింది.

డిసెంబరు 8

దీదీ సూదులు పెట్టింది మైనాకి. చైనా వైద్యం, ఆవిడ ఎక్కడో నేర్చుకుందట. సన్నటి సూదులు, వెన్నుకి అటూ ఇటూ. పెట్టే ముందు ప్రతి చోటా అరచెయ్యి ఆనించి ఆగింది. మైనా తలెత్తి చూస్తే చెయ్యి తీసేసి, అది తల దించాక మళ్ళీ ఆనించింది. దానితో బేరమాడుతున్నట్టుంది చూడబోతే.

"నూనె వద్దనడం లేదు దాదా" అంది నాతో. "మీ నూనె మంచిదే. సూదీ మంచిదే. ఈ గుర్రం మనకి చెప్పేదాన్ని ఆపకూడదు, అంతే."

కాసేపటికి మైనా తల కిందికి వేలాడింది. పెదవులు చప్పరించింది. తర్వాత నోరు బార్లా తెరిచి ఆవులించింది, ఒకటి తర్వాత ఒకటి. నొప్పి వదులుతుంటే అలా చేస్తుందట. ఇన్ని వీపులు తోమాను, నొప్పి వదలడం ఎలా ఉంటుందో ఇవాళే చూశాను. నా చేతి కింద ఎవరూ ఆవులించలేదు.

వెనక షెడ్డు దగ్గర పార పట్టుకుని అప్పన్న చూస్తున్నాడు. మైనా ఆవులిస్తుంటే వాడు నవ్వుతున్నాడు. దగ్గరికి రావడానికి లేదు.

నేను దగ్గరగానే నుంచున్నాను. నాకు అడ్డేముంది.

డిసెంబరు 9

సెక్రటరీ బాబు టీ ఇప్పించాడు. "మీ బావమరిది అని మొహమాటపడకుండా నిజం చెప్పావు, అది గొప్ప" అన్నాడు. గ్లాసు అందుకున్నాను. తాగాను.

డిసెంబరు 10

రేపు చెప్తాను దీదీకి.

(నిన్న కూడా ఇదే అనుకున్నాను, రాయలేదు.)

డిసెంబరు 11

దీదీ ఇవాళ రాలేదు. వచ్చి ఉంటే చెప్పేవాణ్ణా? ఏమో. రాలేదని తెలియగానే ప్రాణం లేచొచ్చింది, అది మాత్రం నిజం.

ఇంటికొచ్చేసరికి పైడమ్మ డ్యూటీ నుంచి వచ్చి పొయ్యి దగ్గర నుంచుని ఉంది. గంజి వారుస్తోంది. వీధి కుళాయి దగ్గర నీళ్ళొచ్చాయని చెప్దామని ఎడమ పక్కనుంచి పిలిచాను, "పైడమ్మా" అని.

మెడ తిప్పలేదు. గిన్నె దించి, ఒక అడుగు, ఇంకో అడుగు — కాళ్ళు జరుపుకుంటూ మనిషి మనిషంతా తిరిగింది.

"ఏటి?" అంది.

ఎప్పటినుంచి ఇలా తిరుగుతోంది ఈ మనిషి? ఇదే ఇల్లు, ఇదే పొయ్యి. రోజూ పిలుస్తున్నాను.

"నీళ్ళు" అన్నాను.

"అలాగే గానీ" అంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. "అప్పన్న ఒచ్చినాడు పొద్దున్న. ఎనక షెడ్డులో పేడెత్తుతున్నాడంట. గుర్రాన్ని కొట్టినాడని దానికాణ్ణుంచి తీసీసినారంట. ఆడు కొట్టినాడా?"

నేను బిందె కోసం మూలకి చూశాను.

"ఆడు సిన్నప్పుడు మేక కాలిరిగితే రాత్రంతా ఒళ్ళో ఎట్టుకుని కూకున్నోడు. ఆణ్ణడిగితే నవ్వీసి ఎల్లిపోనాడు. నువ్వక్కడే ఉన్నావు గదా. ఆడు కొట్టినాడేటి?"

చెప్పాలి. ఇంతకన్నా తేలికైన చోటు ఉండదు. దీదీ కాదు, సెక్రటరీ బాబు కాదు, నా పెళ్ళాం. నాకు చేతనైంది ఒక్కటే, చేతులు. ముందు ఆ మెడ సంగతి చూద్దాం, చూస్తూ చెబుదాం అనుకున్నాను. స్టూలు జరిపి కూర్చోమన్నాను. కూర్చుంది. దీదీలాగా అరచెయ్యి ఊరికే ఆనిద్దామని, నొక్కకుండా, మెల్లిగా ముందుకు చాపాను.

చెయ్యి ఇంకా పడలేదు. పైడమ్మ భుజాలు బిగుసుకుపోయాయి. ఊపిరి కూడా బిగబట్టింది. గోడ వైపు చూస్తూ కదలకుండా కూర్చుంది.

"నొప్పేటీ నేదు" అంది.

నేనింకా ఏమీ అడగలేదు. ఆమె అడిగినదానికి చెప్పనూ లేదు.